స్టోరు గోడ మందం

బడి స్టోరు గదికి కిటికీ లేదు. పక్కనున్న ఆరో తరగతికీ ఆ గదికీ మధ్య గోడలో, పైకప్పుకి జానెడు కిందుగా, పలకంత వెడల్పున ఒక గాలికంత మాత్రం ఉంది. దానికి తుప్పుపట్టిన ఇనుప జాలీ. ఆ కంత కింద స్టూలు వేసుకుని స్టోరమ్మ ముప్పై ఒక్క ఏళ్ళుగా కూర్చుంటోంది. సుద్దముక్కల పెట్టెలు, డస్టర్లు, సిరా సీసాలు, చీపుళ్ళు, ఫినాయిలు డబ్బాలు, సొట్టపోయిన గ్లోబు, ఏదైనా సరే ఆమె చేతి మీదుగా వెళ్ళాలి, విరిగినా అరిగినా మళ్ళీ ఆమె చేతికే రావాలి. ఆమె అసలు పేరు పిలిచేవాళ్ళు ఆ బడిలో ఎవరూ మిగల్లేదు. అందరికీ స్టోరమ్మే.

ఖాళీ గదిలోంచి ఆ లెక్క ఆమెకు మొదటిసారి వినిపించింది సెలవుల్లో, మూడో రోజు, మిట్టమధ్యాహ్నం.

గేటు దగ్గర కునుకుతున్న కాపలామనిషి తప్ప బడిలో నరపురుగు లేదు. ఆమె ఏడాది సరుకంతా సరిచూసుకుంటోంది. డస్టర్ల లెక్క రాసి, కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుంటోంది. అప్పుడు పైన కంతలోంచి ఒక పిల్ల గొంతు సన్నగా అంది.

"ఒకటి."

స్టోరమ్మ చెయ్యి ఆగింది.

"రెండు."

అంకెకీ అంకెకీ మధ్య ఒకే వ్యవధి. ఒక చెయ్యి పైకి లేచి కిందికి దిగేంత. దెబ్బ చప్పుడు మాత్రం లేదు. అంకెలు ఒక్కటే, ఊపిరి బిగబట్టి అన్నట్టు. మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు.

ఏడు దగ్గర ఆగిపోయింది. ఆమె ఎనిమిది కోసం కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తెలియదు, కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఎనిమిది రాలేదు. మళ్ళీ అదే గొంతు మొదటి నుంచి ఎత్తుకుంది. "ఒకటి."

స్టూలెక్కి, జాలీకి మొహం ఆనించి చూసింది. బల్లలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. నల్లబల్ల శుభ్రంగా తుడిచి ఉంది. నేల మీద పరుచుకున్న దుమ్ములో ఒక్క అడుగు గుర్తు లేదు. ఆమె చూస్తున్నంతసేపూ గొంతు లేదు. దిగి కూర్చోగానే మళ్ళీ మొదలైంది. సాయంత్రం ఇంటికెళ్తూ కాపలామనిషితో ఆ మాట అనేసింది.

గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు. అది పిచ్చుకది.

పిచ్చుక అని పేరు పెట్టింది లెక్కల మాస్టారే. ఆరో తరగతిలో సన్నగా, గడగడా మాట్లాడుతూ ఉండే పిల్ల. మాస్టారికి ఒక అలవాటుంది. దెబ్బలు తినే పిల్లే పైకి లెక్కపెట్టాలి. మధ్యలో ఆగినా, అంకె మింగినా, మళ్ళీ ఒకటి నుంచి. "లెక్కల మాస్టార్ని కదండీ, లెక్క తప్పితే ఎలా ఊరుకుంటాను?" అని స్టాఫ్ రూములో ఆయన అంటే, టీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. స్టోరమ్మ కూడా ఒకటి రెండుసార్లు నవ్వింది.

రెండు నెలల కిందట ఒక ఉదయం పిచ్చుక లెక్క ఏడు దగ్గర ఆగిపోయింది. ఏదో పెళుక్కున విరిగింది. ఆ తర్వాత క్లాసులో ఎవరో గబగబా బల్లలు జరిపిన చప్పుడు. పావుగంటకి మాస్టారు స్టోరు గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో రెండు ముక్కలైన కర్రతో.

"ఇదిగో స్టోరమ్మా, పాతది. కొత్తది ఇవ్వండి," అన్నాడు, అరిగిన డస్టరు మార్చుకోవడానికి వచ్చినట్టుగా.

విరిగిన చోట చీలికలో నాలుగు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. పొడుగాటివి, నూనె రాసినవి. ఆమె చూసింది. చూసి కూడా, ముప్పై ఏళ్ళ అలవాటున చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. ముక్కల్ని దారంతో కట్టి, అట్టముక్క తగిలించి, తేదీ వేసి, "వాడుకలో విరిగింది" అని రాసి, ట్రంకుపెట్టెలో పడేసింది. కొత్త కర్ర ఇచ్చి సంతకం తీసుకుంది. మాస్టారు వెళ్ళిపోయాక చూసుకుంటే ఆమె వేళ్ళకి నూనె అంటుకుని ఉంది.

పిచ్చుకకి కుడిచెవి పోయింది.

మర్నాడే మాస్టారు సెలవు చీటీ రాసి పడేసి ఆచూకీ లేకుండా పోయాడు. ఆయన మీద పోలీసు కేసు వేరే నడుస్తోంది. పిచ్చుక తల్లి బట్టలు కుట్టే మనిషి. ఆవిడ అంతటితో ఊరుకోలేదు, బడి మీద కోర్టుకెళ్ళింది. కొట్టింది మాస్టారే అయినా, కొడుతున్నాడని తెలిసీ ఆపలేదు కాబట్టి బడిదీ తప్పేనని. దానికి బడి ఇచ్చిన జవాబు ఒక్కటే. ఈ బడిలో బెత్తం నిషేధించి పదిహేనేళ్ళయింది, ఆయన చేసిన పని ఆఫీసులో ఒక్కరికీ తెలియదు.

ఎవరికీ తెలియదు. కేసంతా ఆ రెండు మాటల మీదే నిలబడి ఉంది.

* * *

ఖాళీ గదిలో గొంతు వినిపించిన మర్నాడు బడి హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడం, బడి ప్లీడరూ స్టోరుకి వచ్చారు. ప్లీడరు రుమాలు పరుచుకుని సుద్దపెట్టె మీద కూర్చున్నాడు. స్టోరమ్మ రాసిన సరుకు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పుతూ, ఒక చోట వేలు ఆపి నవ్వాడు.

"పెద్దమ్మా, ఇక్కడ 'బెత్తాలు' అని ఉన్నది కొట్టేసి, ఎర్ర సిరాతో 'పటం చూపే కర్రలు' అని ఉంది. ఏమిటిది?"

"నిషేధం అని కాగితం వచ్చినప్పుడు మార్చాం బాబూ. పెద్ద మేడం మార్చమన్నారు."

పెద్ద మేడం గోడకున్న క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయింది.

"బాగుంది. దేశపటం చూపించే కర్రలు. అంతవరకూ బాగుంది," అన్నాడు ప్లీడరు. "మరి నలభై మూడు కర్రలూ లెక్కల మాస్టారి పేరు మీదే ఉన్నాయేం? లెక్కల్లో పటాలెందుకమ్మా? కూడికలు ఏ సముద్రంలో ఉన్నాయో చూపించాడా?"

ఎవరూ నవ్వలేదు. ఆయనే కాసేపు నవ్వి ఊరుకున్నాడు.

"పదిహేనేళ్ళ బట్టీ ఈ పుస్తకం ఎవరూ చదవలేదన్నమాట. అవతలివాళ్ళు చదివితే మన పని అయిపోయినట్టే. ఒక పని చెయ్యండి. కొత్త పుస్తకంలో ఇదంతా మళ్ళీ రాయండి. లెక్కల మాస్టారు అన్నచోటల్లా సోషల్ టీచరు అని వెయ్యండి. ఆవిడ రిటైరై వెళ్ళిపోయింది, అడిగేవాళ్ళు లేరు. ఆ విరిగిన ముక్కలేవో దాచారటగా, అవి పొయ్యిలో పెట్టించండి."

"పారేసే ఉత్తర్వు లేందే స్టోరులోంచి గుండుసూది కూడా బయటికి పోదు బాబూ," అంది స్టోరమ్మ. వెటకారంగా కాదు. ఆమెకు నిజంగానే వేరే దారి తెలియదు. ఆ ముక్కలు ఇన్నాళ్ళు మిగిలిపోవడానికి కారణం కూడా అదే. పారెయ్యమని ఉత్తర్వు రాయాలంటే అవి ఏమిటో, ఎలా విరిగాయో రాయాలి. అది రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"ఉత్తర్వు నోటితో ఇస్తున్నాను," అంది పెద్ద మేడం. అప్పుడు మొదటిసారి స్టోరమ్మ కళ్ళలోకి చూసింది. "స్టోరమ్మా, మిమ్మల్ని కోర్టుకి పిలుస్తారు. పక్క గదిలో ఉండేది మీరే కాబట్టి. ఏమైనా వినిపించేదా అని అడుగుతారు. వినపడదు అని ఒక్క మాట చెప్పండి చాలు. వచ్చే నెల మీరు రిటైరవుతున్నారు. మర్యాదగా సాగనంపుకుంటాం."

"ఒక్క మాటేనమ్మా," అన్నాడు ప్లీడరు, లేచి రుమాలు దులుపుకుంటూ. "గోడ మందం, వినపడదు. అంతే."

గోడ మందం. ఆ మాట స్టోరమ్మదే. ఇరవై రెండేళ్ళ కిందట ఆమె నోటితో ఆమే అన్నది.

* * *

ఆమెకు ఒక్కతే కూతురు. ఇప్పుడు ముప్పై నాలుగేళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సాన పడుతుంది. నాలుగు వీధుల అవతల వేరే గది తీసుకుని ఒక్కతీ ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం వస్తుంది, తల్లి కళ్ళజోడు తీసుకుని తుడిచి, మరలు బిగించి ఇస్తుంది, అన్నం తింటుంది, నాలుగు మాటలు మాట్లాడుతుంది, వెళ్ళిపోతుంది. ఆ కాస్త రాకడ కోసం స్టోరమ్మ వారమంతా రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది.

కూతురు చదివింది ఆ బడిలోనే, ఆ లెక్కల మాస్టారి దగ్గరే. పన్నెండేళ్ళప్పుడు ఒకరోజు అరచేతులు కందిపోయి ఇంటికొచ్చింది. అన్నం కలుపుకోలేక గిన్నె ముందు కూర్చుని, చాలాసేపటికి అడిగింది.

"అమ్మా, నీకు వినిపించలేదా?"

"లేదే తల్లీ. స్టోరు గోడ మందం. ఏమీ వినపడదు," అంది స్టోరమ్మ, అన్నం ముద్ద కలిపి నోటికి అందిస్తూ.

పిల్ల నమ్మింది. నమ్మిందో, నమ్మాలని నిర్ణయించుకుందో. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు. వాళ్ళ మధ్య ఏది మిగిలిందో అదంతా ఆ గోడ మందం మీదే కట్టుకున్నారు. ఇప్పుడు కోర్టులో నిలబడి పిచ్చుక లెక్క విన్నానని చెబితే, కూతురి లెక్క కూడా విన్నట్టే. ఆదివారాలు పోతాయి. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె ఇంత భయపడలేదు. ఆయన పోయాక ఇంట్లో ఇంకొక మనిషి ఉంది. ఈ మనిషి పోతే ఇక ఎవరూ లేరు.

ఆ ఆదివారం కూతురు కళ్ళజోడు తుడుస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"బడి కేసు పేపర్లో చూశాను. నిన్ను పిలుస్తారా?"

"పిలుస్తారట."

"ఏం చెప్తావ్?"

స్టోరమ్మ ఖాళీ కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"నాకేం తెలుసని చెప్పను?"

"అంతేలే," అంది కూతురు. అద్దాన్ని వెలుతురుకి ఎత్తి, దాంట్లోంచి తల్లిని చూసింది. "గోడ మందం కదా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందో లేదో స్టోరమ్మకి అంతు చిక్కలేదు. కూతురు వెళ్ళాక, తుడిచిన కళ్ళజోడు పెట్టుకుంటే ఇల్లంతా మరీ స్పష్టంగా, ఎవరో ఇప్పుడే ఖాళీ చేసి వెళ్ళినట్టు కనిపించింది.

* * *

సోమవారం కొత్త పుస్తకం ముందు పెట్టుకుంది. మొదటి వరసలో తేదీ వేసింది. పటం చూపే కర్ర, ఒకటి. ఎవరికి అన్నచోట "సోషల్ టీచరు" అని రాయబోతుంటే కంతలోంచి గొంతు అంది. "ఒకటి."

రెండో వరస రాసింది. "రెండు."

చెవుల్లో దూది పెట్టుకుంది. దూదిలోంచీ వినిపించింది. ఏడో వరస దగ్గర కలం ఆపి, ఇక ఆగిపోతుందని ఎదురుచూసింది. ఆగలేదు.

"ఎనిమిది."

ఇది పిచ్చుక గొంతు కాదు. "తొమ్మిది" ముందు చిన్నగా గుటక. ఆ గుటక ఆమెకు తెలుసు. పలక ముందు కూర్చోబెట్టి అంకెలు నేర్పిన రోజుల నుంచీ తెలుసు. ఎనిమిది తర్వాత ఏం వస్తుందో గుర్తు తెచ్చుకోవడానికి కూతురు ప్రతిసారీ అలాగే గుటక వేసేది.

పది. పదకొండు. అక్కడ ఆగింది.

అవును, ఇరవై రెండేళ్ళ కిందట ఆ రోజు ఆమె విన్నది పదకొండు దాకానే. పదకొండు విన్నాక స్టూలు మీంచి లేచి, ట్రంకుపెట్టెని ఈ మూల నుంచి ఆ మూలకి బరబరా ఈడ్చింది. మళ్ళీ ఆ మూల నుంచి ఈ మూలకి. అవతలి చప్పుడు వినపడనంతసేపూ ఈడ్చింది. సిమెంటు నేల మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

ఆమె కొత్త పుస్తకం మూసేసింది. అంతేగానీ ఇంకా ఏమీ తేల్చుకోలేదు. తేల్చింది పిచ్చుక.

బుధవారం పిచ్చుక తల్లి వచ్చింది, కూతుర్ని వేరే బడిలో వెయ్యడానికి టీసీ కోసం. బడి ఇచ్చిన పుస్తకాలన్నీ ముట్టాయని స్టోరులో సంతకం అయితే గానీ టీసీ రాదు. తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రావడానికి ఆవిడకి మనసొప్పలేదు. పిల్ల సంచి తెచ్చి బల్ల మీద పెట్టి, ఒక్కొక్క పుస్తకం తీస్తూ లెక్కపెట్టింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది."

స్టోరమ్మ చూసుకుంది. బల్ల మీద ఉన్నవి ఏడే.

"ఏడు కదమ్మా," అంది మెల్లగా.

"ఏడు అనదండీ," అంది తల్లి గుమ్మంలోంచి. "అప్పటి నుంచీ అంతే. మెట్లెక్కినా, గుండీలు లెక్కపెట్టినా ఆరు తర్వాత ఎనిమిదే. డాక్టరు పోనుపోను సర్దుకుంటుందన్నాడు. దాని మాటలు పట్టించుకోకండి."

పిచ్చుక తల పక్కకి వంచి, బాగున్న చెవిని పైకి, కంత వైపు పెట్టింది.

"ఏడు ఇక్కడే ఉండిపోయింది," అంది. తర్వాత స్టోరమ్మ వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది. "మీకూ వినిపిస్తోందా అమ్మమ్మా?"

స్టోరమ్మ పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

"ఆ రోజు మీరు ఇక్కడే ఉన్నారు కదా? మీ స్టూలు కిర్రుమంది. ఎవరో లేచారు, వచ్చి ఆపుతారు అనుకుని ఇటు తిరిగాను. అప్పుడే చెవికి తగిలింది." పిల్ల ఏడవలేదు, నిందించినట్టూ అనలేదు. హోంవర్కు అప్పజెప్పినట్టు చెప్పింది. "మరి మీరెందుకు రాలేదు?"

నిజమే. ఏడు వినగానే ఆమె లేచింది. ఆపడానికి కాదు, ట్రంకుపెట్టె ఈడ్చడానికి.

కాగితం మీద సంతకం పెట్టింది. తల్లీ కూతుళ్ళు వరండాలో నడిచి వెళ్ళిపోతుంటే, ఆ చిన్న వీపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. ఎంతోమంది పిల్లలు ఆ వరండాలోంచి వెళ్ళిపోయారు. తన పిల్ల కూడా అలాగే, అదే మలుపులో, వెనక్కి చూడకుండా వెళ్ళింది.

* * *

కోర్టు గది చిన్నది. బల్లలకి కొత్తగా వార్నిష్ వేశారేమో, వాసన ముక్కుని పట్టేస్తోంది. స్టోరమ్మ బోనులోకి ఎక్కేముందు వెనక వరస చూసింది. తలుపు పక్కన కూతురు కూర్చుని ఉంది, దుకాణంలో వేసుకునే నీలం కోటుతోనే. రమ్మని ఆమె చెప్పలేదు. వస్తానని కూతురూ అనలేదు.

"స్టోరులో కూర్చుంటే పక్క క్లాసులో జరిగేది వినిపిస్తుందా?" అని అడిగాడు బడి ప్లీడరు, జవాబు ఎలాగూ తెలిసిందే అన్నట్టు కాగితాలు సర్దుకుంటూ.

స్టోరమ్మ కూతుర్ని చూసింది. తర్వాత ముందు వరసలో తల్లి ఒళ్ళో చెయ్యి పెట్టుకుని కూర్చున్న పిచ్చుకని చూసింది.

"వినిపిస్తుంది," అంది. "ముప్పై ఒక్క ఏళ్ళుగా వినిపిస్తూనే ఉంది."

ప్లీడరు కాగితాల మీంచి తలెత్తాడు.

"గోడ మందం కదమ్మా?"

"గోడ మందమే. పైన కంత ఉంది. కంత సంగతి ఎవరూ అడగలేదు."

ఆమె ట్రంకుపెట్టె సంగతి చెప్పింది. ముందు రోజే తన చేత్తో దాన్ని పిచ్చుక తరఫు లాయరుకి అప్పగించి, రశీదు తీసుకుంది. ఇప్పుడు దాన్ని తెచ్చి బల్ల మీద తెరిచారు. నలభై మూడు కట్టలు, నలభై మూడు అట్టముక్కలు, అన్నింటి మీదా ఒకటే రాత, వాడుకలో విరిగింది. పటం చూపిస్తే కర్ర విరగదని ఎవరూ నోటితో అనాల్సిన అవసరం లేకపోయింది.

ప్లీడరు ఒంటికాలి మీద లేచాడు.

"పెద్దావిడ వయసుని గౌరవిస్తాను. కానీ ఈవిడకి సెలవుల్లో, ఖాళీ బడిలో కూడా గొంతులు వినిపిస్తాయట. కాపలామనిషితో చెప్పుకుందట. అవునా కాదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"అవును," అంది స్టోరమ్మ.

"ఏం వినిపిస్తుంది?"

"లెక్క. ఆ పిల్ల లెక్క. ఏడు దాకా."

"ఏడని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. ఆ రోజు గోడ ఇవతల కూర్చుని పిల్లతో పాటు నేనూ లోపల్లోపల లెక్కపెట్టాను. ఏడు దగ్గర కర్ర విరిగింది. పావుగంటకి కొత్త కర్ర నా చేత్తోనే ఇచ్చాను."

జడ్జిగారు నడివయసు మనిషి. ఆవిడ కలం కింద పెట్టి, ముందుకి వంగి, పిచ్చుకని మెత్తగా అడిగింది. "ఎన్ని దెబ్బలమ్మా?"

పిచ్చుక నోరు తెరిచింది. మాట రాలేదు. రెండు చేతులూ పైకెత్తింది. ఒక చేతికి ఐదు వేళ్ళు, రెండో చేతికి రెండు.

వెనక తలుపు తెరుచుకుని, మూసుకుంది. స్టోరమ్మ చూసేసరికి కూతురి చోటు ఖాళీగా ఉంది.

* * *

కూతురు బయట మెట్ల మీద నిలబడి ఉంది. ఎండ కళ్ళలో పడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"నాది ఎందాకా విన్నావు?" అంది, తల్లి దగ్గరికి రాగానే.

"పదకొండు దాకా."

"పన్నెండు అమ్మా. పన్నెండోది పైకి అనలేకపోయాను. లెక్క తప్పావని మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టించాడు. అప్పుడు పన్నెండూ అన్నాను." మాట మాటకీ మధ్య ఆగి, సానరాయి మీద అద్దం ఆనించినట్టు జాగ్రత్తగా మాట్లాడింది. "రెండోసారి నువ్వు వినలేదా?"

"లేదు. లేచి పెట్టె ఈడ్చాను. వినకుండా ఉండాలని."

"అదా ఆ చప్పుడు! ఏదో బండి లాగుతున్నారనుకున్నాను. ఆ చప్పుడు మీద ధ్యాస పెట్టి ఎలాగో పన్నెండు దాకా వచ్చాను." కూతురు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే విరిగిపోయింది. "ఇన్నేళ్ళూ ఆ బండికి మనసులో దణ్ణం పెట్టుకున్నానే అమ్మా."

స్టోరమ్మ చెయ్యి చాచింది. కూతురు ఆ చేతిని తీసుకోలేదు, తోసెయ్యనూ లేదు. దాని వైపు అలా చూస్తూ ఉండిపోయింది.

"ఆదివారం వస్తావా తల్లీ?"

"తెలీదు." రెండు మెట్లు దిగి ఆగింది. వెనక్కి తిరగకుండా అంది. "నాకూ వినిపిస్తుందమ్మా. అద్దాలు సాన పట్టేటప్పుడు రోజూ వినిపిస్తుంది. నీకు మళ్ళీ వినిపిస్తే మాత్రం ఈసారి లేవకు."

ఆమె బస్సు ఎక్కడం స్టోరమ్మ చూసింది. బస్సు కదలడం, వీధి చివర చిన్నదైపోవడం, ఆ తర్వాత ఆ చోట ఎండ మాత్రం మిగలడం కూడా చూసింది.

తీర్పు మూడు వారాలకి వచ్చింది. స్టోరు గది బడిలో భాగమనీ, ఉద్యోగం చేస్తూ అక్కడ కూర్చున్న మనిషి విన్నది బడి విన్నట్టేననీ, కర్రలకి పేరు మార్చి చేత్తో అందించి తెలియదంటే చెల్లదనీ జడ్జిగారు రాశారు. మాస్టారు చేసిన దానికి బడి బాధ్యత వహించాలి. పిచ్చుక వైద్యమంతా బడే చూసుకోవాలి. పెద్ద మేడం ఆ సాయంత్రమే కుర్చీ వదిలేసింది. మర్యాదగా సాగనంపుతామన్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ మూడు ఆదివారాలూ కూతురు రాలేదు. స్టోరమ్మ రెండు కంచాలు పెట్టి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేసేది.

ఆఖరి రోజు తాళాలగుత్తి అప్పజెప్పేముందు ఆమె స్టోరు తలుపు దగ్గరగా వేసుకుని, కంత కింద స్టూలు మీద కూర్చుంది. ట్రంకుపెట్టె లేని మూల బోసిగా ఉంది. నేల మీద గీతలు మాత్రం ఉన్నాయి, ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి.

పిచ్చుక గొంతు ఆ రోజు రాలేదు. కాసేపటికి రెండో గొంతు వచ్చింది. ఒకటి. రెండు. తొమ్మిది ముందు గుటక. పది. పదకొండు.

స్టోరమ్మ మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. స్టూలు కిర్రుమనబోయింది. ఆమె రెండు చేతులతో స్టూలు అంచులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

కంతలో నిశ్శబ్దం. ఒక చెయ్యి పైకి లేచి కిందికి దిగేంత. ఆ తర్వాత, ఆమె ఎన్నడూ వినకుండా తప్పించుకున్నది, అదే గొంతు, మరింత సన్నగా, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"ఒకటి."

"ఒకటి," అంది స్టోరమ్మ పైకి. కూతురితో పాటు చివరిదాకా లెక్కపెట్టడానికి ఆమె లేవకుండా కూర్చుంది.